కంచె నిలిపినవారు

1677వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో, అమెరికా తూర్పు తీరాన రోడ్ ఐలండ్ వలసలోని న్యూపోర్టు పట్టణంలో ఒక చిన్న క్రయపత్రం వ్రాయబడినది. అమ్మినవాడు నేథేనియల్ డికెన్సు. కొన్నవారు మొర్దెకై కాంపనాల్, మోజెస్ పచేకో అనే ఇద్దరు యూదులు. నేల పట్టుమని ఒక ఇంటి దొడ్డికి కూడా చాలదు. తమవారిలో మరణించినవారిని పాతిపెట్టుకొనుటకు మాత్రమే వారు దానిని కొన్నారు.

ఆ పత్రంలో ఒక షరతు ఉన్నది. నేల చుట్టూ కంచె వేసి, దానిని చెడకుండ నిలుపుకొనే పూచీ కొన్నవారిది. ఎన్నడైనా యూదులందరూ ఆ దీవిని విడిచిపోయి, కంచెను నిలబెట్టేవారు ఒక్కరైనా మిగలని పక్షంలో, ఆ నేల తిరిగి డికెన్సుకూ అతని వారసులకూ చెందవలెను.

అమ్మినవానికి దురుద్దేశం ఉన్నదని అనుకోనక్కరలేదు. యూదులు వస్తారు, కొంతకాలం ఉంటారు, పోతారు అన్నది ఆనాటి లోకానుభవం. 1492లో స్పెయిన్ వారిని వెళ్లగొట్టినది. 1497లో పోర్చుగల్ వారిని బలవంతంగా క్రైస్తవులను చేసినది. ఆ తర్వాత న్యాయపీఠాలు, చెరలు, చితులు. పారిపోగలిగినవారు ఆమ్‌స్టర్‌డామ్‌కూ, టర్కీ సుల్తాను రాజ్యానికీ, బ్రెజిల్‌కూ, కరీబియన్ దీవులకూ చెదరిపోయినారు. ఆ చెదరిన గుంపులలో కొందరు కొచ్చిన్‌కు కూడా చేరినారు. అక్కడ 1568లో వెలసిన ప్రార్థనామందిరానికి నేటికీ 'పరదేశి' అనే పేరే నిలిచియున్నది. ఇట్టి జాతితో నేల బేరమాడే మనిషి, వీరు రేపు ఉంటారా అని అడగడంలో వింత లేదు. కొన్నవారు ఆ షరతుకు ఒప్పుకొని చేవ్రాలు చేయడంలోనూ వింత లేదు. వారికీ ఆ సంగతి తెలిసినదే.

దహనసంస్కారం వాడుకగా ఉన్న దేశంలోని పాఠకునికి ఇంతటి తొందర అర్థం కాకపోవచ్చును. చితి ఆరిన తర్వాత అస్థికలు నీటిలో కలుస్తవి. చనిపోయినవానికి నేలపై హక్కు అంటూ మిగలదు. యూదధర్మం ఇందుకు భిన్నం. దేహాన్ని మట్టికే అప్పగించవలెను. అప్పగించిన మట్టి ఆ దేహానిదే. దానిని మరల త్రవ్వి వేరొకరికి ఇవ్వరాదు. అందువలన ప్రార్థనామందిరం లేకపోయినా యూదులు కొంతకాలం గడుపుకొనగలరు. ఒకరి ఇంటి గదిలో పదిమంది పురుషులు కూడితే ప్రార్థన జరుగుతుంది. కాని శవాన్ని రేపటికి వాయిదా వేయలేరు. ఎక్కడ స్థిరపడినా వారు మొదట కొనేది శ్మశానస్థలమే. అబ్రాహాము కథలోనూ అంతే. భార్య శారా మరణించినప్పుడు అతడు హిత్తీయుల మధ్య తన్ను పరదేశిగానే చెప్పుకొని, మక్పేలా గుహను ఊరకే ఇస్తామన్నా వినక, నాలుగు వందల తులాల వెండి తూచి ఎఫ్రోను వద్ద కొన్నాడు. వాగ్దానభూమిలో అతనికి దక్కిన మొదటి చెక్క ఒక సమాధి.

హీబ్రూ భాషలో శ్మశానానికి 'బేత్ హయీమ్' అని ఒక పేరున్నది. జీవుల ఇల్లు అని దాని అర్థం.

న్యూపోర్టు వారికంటే ముందే యూదులు ఉత్తర అమెరికాకు వచ్చియున్నారు. 1654లో, పోర్చుగీసులు బ్రెజిల్‌లోని రెసీఫె నగరాన్ని డచ్చివారి నుండి తిరిగి గెలుచుకొన్న పిమ్మట, అక్కడి యూదులలో 23 మంది న్యూ ఆమ్‌స్టర్‌డామ్ రేవులో దిగినారు. ఆ నగరమే తరువాత న్యూయార్కు అయినది. అక్కడి గవర్నరు స్టైవెసెంటు వారిని సాగనంపుటకే చూచినాడు. 1656లో వారికి ఊరి వెలుపల శ్మశానానికి కొంచెం చోటు ఇచ్చినారు గాని, అది ఎక్కడ ఉండేదో చెప్పగల గుర్తు ఒక్కటీ మిగలలేదు. నగరం దానిని మ్రింగివేసినది. న్యూయార్కులో నేడు నిలిచియున్న యూదుల సమాధులలో పాతవి చాథమ్ స్క్వేరు దగ్గరివి. వాటి చరిత్ర 1680ల నాటిది. న్యూపోర్టు క్రయపత్రం అంతకంటే కొన్నేండ్లు ముందరిది. కంచె గలది మిగిలినది, లేనిది పోయినది.

రోడ్ ఐలండ్ వలసకు ఒక ప్రత్యేకత ఉన్నది. మత విశ్వాసాల కారణంగా మసాచుసెట్సు నుండి వెళ్లగొట్టబడిన రోజర్ విలియమ్సు 1636లో దానికి పునాది వేసినాడు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదని అతని వాదం. 1663 నాటి రాజశాసనం ఆ వాదాన్ని చట్టం చేసినది. అయితే చట్టంలో ఉన్నదానికీ వీథిలో దొరికేదానికీ మధ్య ఎప్పుడూ కొంత దూరం ఉంటుంది. 1684లో కొందరు యూదులు వలస శాసనసభను ఆశ్రయించి రక్షణ కోరినారు. ఇతర పరదేశులకు ఎట్టి రక్షణ ఉన్నదో వారికీ అట్టిదే ఉంటుందని సభ బదులు చెప్పినది. ఆ మాటలో దయ ఉన్నది. పరదేశులన్న గుర్తు కూడా ఉన్నది. మరుసటి సంవత్సరమే సుంకాల అధికారి విలియమ్ డయరు, విదేశీయులకు వ్యాపారం చేసే హక్కు లేదని వాదించి, కాంపనాల్ మొదలైనవారిమీద దావా వేసినాడు. తీర్పు యూదులకే అనుకూలమైనది. ఈ డయరు తల్లి మేరీ డయరు. క్వేకరు మతం విడువనందుకు 1660లో బోస్టనులో ఉరికంబమెక్కిన స్త్రీ ఆమె. అట్టి తల్లి కొడుకే మతాంతరుల ఆస్తి జప్తు చేయబూనినాడు. చరిత్ర ఇట్టి కొడుకులను అప్పుడప్పుడు కంటూనే ఉంటుంది.

పదునెనిమిదవ శతాబ్ది నడుమ న్యూపోర్టు రేవు సిరులతో తులతూగినది. స్పెయిన్, పోర్చుగల్ సంతతి యూదులు అక్కడ తిమింగిలపు తల నుండి తీసిన మైనంతో కొవ్వొత్తులు చేయించినారు, ఓడలు నడిపినారు. 1763లో పీటరు హారిసను అనే శిల్పి రూపకల్పన చేసిన ప్రార్థనామందిరం ప్రతిష్ఠ జరిగినది. ఆచార్యుడు ఐజాక్ టూరో. ఊరి క్రైస్తవ బోధకుడు ఎజ్రా స్టైల్సు ఆ ఉత్సవానికి పోయి, చూచినదంతా తన దినచర్యలో శ్రద్ధగా వ్రాసికొన్నాడు. కొన్న స్థలానికీ కట్టిన మందిరానికీ నడుమ 86 ఏండ్లు గడచినవి. మందిరం నుండి శ్మశానానికి నడచి పోవుటకు నాలుగు నిమిషాలు కూడా పట్టదు.

శ్మశానంలోని రాళ్లు ఆ సమాజపు ప్రయాణాన్ని చెప్పుతవి. ఒకే శిలమీద హీబ్రూ, స్పానిషు లేక పోర్చుగీసు, ఇంగ్లీషు. హీబ్రూ దేవునితో మాట్లాడుటకు, పోర్చుగీసు తాతలతో మాట్లాడుటకు, ఇంగ్లీషు ఇరుగుపొరుగుతో మాట్లాడుటకు. పేర్లు కూడా అట్లే. మొదటి సగం బైబిలు నుండి, రెండవ సగం తమను హింసించిన దేశం నుండి: అబ్రాహాము, యాకోబు, ఆ ప్రక్కనే రివేరా, లోపెజ్. తరిమివేసిన దేశపు ఇంటిపేరును ఎవరూ చెరిపివేసికొనలేదు.

ఆ పేర్లలో ఎన్నదగినది ఆరన్ లోపెజ్. 1731లో లిస్బనులో పుట్టినప్పుడు అతని పేరు దువార్తె. బయటికి క్రైస్తవుడు, లోపల యూదుడు. 1752లో న్యూపోర్టులో దిగినాడు. దువార్తె ఆరన్ అయినాడు, భార్య అన్నా అబిగెయిల్ అయినది. పదేండ్లలో ఊరిలో పేరుమోసిన వర్తకుడైనాడు. బ్రిటిష్ పార్లమెంటు 1740లో చేసిన చట్టం ప్రకారం, ఏడేండ్లు వలసలలో నివసించిన యూదునికి పౌరసత్వం పొందే హక్కున్నది. లోపెజ్, ఐజాక్ ఎలైజరు అనే మరొకరు అర్జీ పెట్టుకొన్నారు. 1762లో న్యూపోర్టులోని న్యాయస్థానం దానిని త్రోసివేసినది. క్రైస్తవ మతాన్ని స్వేచ్ఛగా అవలంబించుటకు ఏర్పడిన వలస ఇది, ఇక్కడ జనం కూడా నిండిపోయినారు అన్నది న్యాయమూర్తుల కారణం. రోజర్ విలియమ్సు పునాది వేసిన వలసలో ఈ మాట వినవలసి వచ్చినది. స్టైల్సు అది చూచి, యూదులు ఏ జాతిలోనూ కలసిపోకూడదని దైవసంకల్పమే కాబోలు అని వ్రాసికొన్నాడు. లోపెజ్ వాదించలేదు. సరిహద్దు దాటి మసాచుసెట్సుకు పోయి ఆ సంవత్సరమే పౌరుడై తిరిగి వచ్చినాడు. విలియమ్సును వెళ్లగొట్టినది ఆ మసాచుసెట్సే.

లోపెజ్ కథను ఇక్కడితో ఆపి కీర్తించేవారు ఉన్నారు. ఆపరాదు. అతని ఓడలలో కొన్ని ఆఫ్రికా తీరం నుండి మనుష్యులను సరుకుగా మోసినవి. అతని వాణిజ్యంలో అది కొద్ది భాగమే అని లెక్కలు చెప్పవచ్చును. ఓడ అడుగున ఉన్నవానికి ఆ లెక్క అక్కరలేదు. న్యూపోర్టు వర్తకులలో మతభేదం లేకుండ పలువురు చేసిన పని అది. చెరనుండి తప్పించుకొని వచ్చినవాని ఓడలోనూ సంకెళ్లు ఉన్నవన్నది మాత్రం మింగుడుపడని సత్యం. ఆ ఊరి సామాన్య శ్మశానంలో ఒక వైపు ఆఫ్రికా జాతివారి సమాధులున్నవి. దానిని 'దేవుని చిన్న చేను' అని పిలుస్తారు. అక్కడ ఒక రాతిమీద, 1768లో మరణించిన కఫీ గిబ్సు స్మారకంగా ఈ శిలను అతని అన్నదమ్ముడు పాంపీ స్టీవెన్సు చెక్కినాడని ఉన్నది. పాంపీ ఒక రాతిపనివారి కర్మశాలలో బానిస. యజమాని ఉలితో, తన చేతితో, తమ్మునిదో అన్నదో పేరును అతడు నిలుపుకొన్నాడు. యూదుల శ్మశానం చూడబోయే యాత్రికుడు ఆ రెండవ చోటు కూడా చూచి రావలెను. ఒకటి లేకుండ మరొకటి సగం చరిత్రే అవుతుంది.

1776 డిసెంబరులో ఇంగ్లీషు సైన్యం న్యూపోర్టును ఆక్రమించినది. 1779 అక్టోబరు వరకు కదలలేదు. ఆ శీతకాలాలలో ఊరి చెట్లు, కంచెలు, ఎన్నో ఇళ్ల కలప వంటచెరకైపోయినవి. మందిరం ఆస్పత్రిగా ఉపయోగపడినందువలన మిగిలినది. స్వాతంత్ర్యపక్షం వహించిన లోపెజ్ కుటుంబంతో, బంధువులతో మసాచుసెట్సులోని లెస్టరుకు తరలిపోయినాడు. 1782 మే నెలలో తిరిగి న్యూపోర్టుకు వస్తూ, దారిలో గుఱ్ఱానికి నీళ్లు పట్టించబోయి, ఊబిగా ఉన్న ఒక చెరువులో బండితో సహా మునిగి, ఇంటివారందరూ చూస్తుండగా ప్రాణాలు విడిచినాడు. శవాన్ని న్యూపోర్టుకు తెచ్చి కంచె లోపల పూడ్చినారు. స్టైల్సు అతని గుణాలను మెచ్చుకొని దినచర్యలో పుట నింపినాడు. ఇరువది ఏండ్లకు ముందు ఏ జాతిలోనూ కలియరని వ్రాసిన చేయి అదే.

యుద్ధం తరువాత రేవు కోలుకొనలేదు. 1790 ఆగస్టులో వాషింగ్టన్ ఊరికి వచ్చినాడు. యూదసమాజం పక్షాన మోజెస్ సేషస్ స్వాగతలేఖ ఇచ్చినాడు. కొత్త ప్రభుత్వం మతద్వేషానికి చేయూతనీయదని అధ్యక్షుడు వ్రాసిన జవాబు జగత్ప్రసిద్ధమైనది. అయితే ఆ జవాబు అందుకొన్న సమాజం అప్పటికే కరగిపోతున్నది. స్వేచ్ఛాపత్రం చేతికి వచ్చినది, చేతులు మాత్రం మిగలలేదు. పిల్లలు న్యూయార్కుకు, చార్లెస్టనుకు, ఇతర రేవులకు పోయినారు. 1822లో చివరివాడైన మోజెస్ లోపెజ్ కూడా న్యూయార్కు చేరినాడు.

డికెన్సు వ్రాయించిన షరతు నెరవేరినది. దీవిలో ఒక్క యూదుడు లేడు.

ఉండవలసినవారు లేనప్పుడు ఆ నేల ఎవరిది? చట్టం తెలిసినవారు ఏమి చెప్పినా, జరిగినది వేరు. మందిరపు తాళపుచెవులు, శ్మశానపు బాధ్యత స్టీఫెన్ గూల్డు అనే క్వేకరు వహించినాడు. లోపెజ్ కుటుంబానికి అతడు మిత్రుడు. తన మతం కాని దేవుని ఇంటిని, తన వంశం కాని మృతులను కనిపెట్టుకొని ఉండుటకు అతన్ని ఏ క్రయపత్రమూ నిర్బంధించలేదు. మేరీ డయరు మతస్థుడే అతడు. ఆమె కడుపున పుట్టినవాడు చేయలేని పని ఆమె విశ్వాసంలో పుట్టినవాడు చేసినాడు.

రెండవ సంరక్షణ దూరం నుండి వచ్చినది. ఆచార్యుడైన ఐజాక్ టూరో యుద్ధకాలంలో ఇంగ్లీషువారి వెంట న్యూయార్కుకు, అటుపై జమైకాకు పోయి అక్కడనే మరణించినాడు. అతని భార్య రేనా పిల్లలతో బోస్టనులోని అన్నదమ్ముని ఇంట చేరి, 1787లో పోయినది. ఆమె సమాధి న్యూపోర్టులోనే ఉన్నది. కొడుకులు అబ్రాహాం, జూడా. ఇద్దరూ పెండ్లాడలేదు, ఇద్దరూ ధనం గడించినారు, ఇద్దరూ న్యూపోర్టులో కాపురముండలేదు. అబ్రాహాం శ్మశానం చుట్టూ ఇటుకగోడ కట్టించినాడు. 1822లో బోస్టనులో మరణిస్తూ మందిర సంరక్షణకు 10,000 డాలర్లు, మందిరం నుండి శ్మశానానికి పోయే వీథిని బాగుచేయించుటకు 5,000 డాలర్లు వ్రాసి ఇచ్చినాడు. ప్రార్థన చేసేవారు లేని మందిరానికి, శవయాత్ర జరుగని వీథికి ఇచ్చిన సొమ్ము అది! లోకం దృష్టిలో ఇది వెఱ్ఱితనమే. కాని ఆ చివరి యూదుడు ఊరు విడిచిన సంవత్సరమే కంచెకు కావలసిన డబ్బు వచ్చి చేరినది.

జూడా న్యూ ఆర్లియన్సులో వర్తకుడు. 1815 నాటి యుద్ధంలో గాయపడి చావు తప్పించుకొన్నవాడు. తల్లి నిద్రించే చోటికి అతడు 1840ల తొలి రోజులలో ఇటుకగోడ తీయించి, ఇనుప కంచెతో నల్లరాతి ప్రాకారం, ద్వారం కట్టించినాడు. శిల్పి ఐజయా రోజర్సు. తలక్రిందులైన దివిటీలు, రెక్కల గోళం చెక్కిన ఆ ద్వారం ఈజిప్టు ఫక్కీది. ఆనాడు అమెరికాలో శ్మశానద్వారాలకు అదే మోజు. ఫరో దాస్యం నుండి బయటపడినామని ఏటేటా పండుగ చేసికొనే జాతి తన మృతులను ఈజిప్టు వాకిలి వెనుక దాచుకొన్నదన్న సంగతి జూడాకు తోచినదో లేదో గాని, చూచేవారికి తోచకమానదు.

1852 జూలైలో ఒక ఉదయం కవి లాంగ్‌ఫెలో ఈ ద్వారం దాటి లోపలికి వచ్చినాడు. తాళపుచెవి గల ఒక వృద్ధుడు మర్యాదగా వెంట ఉన్నాడు. దుమ్ము లేచే రెండు వీథుల కూడలిలో నీడగల మూల, చలువరాతి సమాధులు, ఇనుప కంచె. ఆ కంచె న్యూ ఆర్లియన్సులోని టూరో గారి ఖర్చుతో వేసినదని కూడా అతడు దినచర్యలో గుర్తు పెట్టుకొన్నాడు. ఆ దర్శనం నుండి పుట్టిన 'న్యూపోర్టులోని యూదుల శ్మశానం' అనే కావ్యంలో యూదులు పడిన బాధల పట్ల కరుణ నిండుగా ఉన్నది. ఎవరో కనబడని దాత సమాధులను పచ్చగా ఉంచుతున్నాడని కూడా కవి చెప్పినాడు. చెప్పి, చివరికి, మరణించిన జాతులు మరల లేవవని ముగించినాడు. కరుణ ఉన్నంత మాత్రాన తీర్పు సరియైనది కాదు. తాను చూచిన కంచె పదేండ్ల క్రితం వేసినది. వేసినవాడు బ్రతికియున్నాడు. ఆ సమయాన అమెరికాలో ఇతర నగరాలలో యూదుల మందిరాలు పెరుగుతున్నవి. ఒక ఊరి ఖాళీని చూచి కవి ఒక జాతి అంతమనుకొన్నాడు. జూడా 1854 జనవరిలో మరణించినాడు. అతన్ని దక్షిణం నుండి న్యూపోర్టుకు తెచ్చి తల్లి దగ్గర పూడ్చినారు. కావ్యం అచ్చయినదీ ఆ సంవత్సరమే.

జవాబు ఒక బాలిక నుండి వచ్చినది. ఎమ్మా లాజరస్ న్యూయార్కులో పాతకాపులైన యూదుల ఇంట 1849లో పుట్టినది. వేసవికి ఆ కుటుంబం న్యూపోర్టుకు వచ్చేది. పదునెనిమిదవ ఏడు నిండకమునుపే, 1867లో, ఆమె మూతపడిన మందిరంలో నిలిచి, లాంగ్‌ఫెలో వాడిన ఛందస్సులోనే పద్యాలు వ్రాసినది. ఆమె స్వరంలోనూ శోకమే ఎక్కువ. అయినా చోటు పవిత్రత చెడలేదని ఆమె నిశ్చయం. 1882లో లాంగ్‌ఫెలో మరణించినప్పుడు, అతన్ని గౌరవిస్తూనే, ఆ కావ్యపు ముగింపును యూదులు అంగీకరించలేరని స్పష్టంగా వ్రాసినది. అప్పటికి రష్యాలో యూదులమీద దాడులు చెలరేగి, శరణార్థులు న్యూయార్కు రేవులో దిగుతున్నారు. మరుసటి సంవత్సరం స్వాతంత్ర్యదేవత విగ్రహం కొరకు ఆమె వ్రాసిన గీతం ఆ శరణార్థులను చూచిన కన్నులతో వ్రాసినదే.

1883లోనే న్యూపోర్టు మందిరం తలుపులు తిరిగి తెరచినారు. ఆచార్యుడుగా అబ్రాహాం పెరేరా మెండిసు వచ్చినాడు. వచ్చి చేరిన కొత్త కుటుంబాలలో అధికులు తూర్పు ఐరోపావారు. పోర్చుగీసు తెలియదు, రివేరాలు లోపెజ్‌లు వారి తాతలు కారు. అయినను కంచె లోపలివారు తమవారే అనుకొన్నారు.

ఇక్కడ కథ సుఖంగా ముగిసినదని వ్రాయుటకు వీలులేదు. పాత సమాజం వెళ్లిపోయినప్పుడు మందిరపు వస్తువులు, హక్కులు న్యూయార్కులోని షియరిత్ ఇజ్రాయెల్ సమాజపు సంరక్షణలోనికి పోయినవి. కొత్తవారు 1903లో ఏటికి ఒక డాలరు కౌలుకు ఒప్పుకొన్నారు. 2012లో న్యూపోర్టు సమాజం, శిల్పి మైయర్ మైయర్సు చేసిన వెండి గంటల జతను ఒక చిత్రశాలకు 74 లక్షల డాలర్లకు అమ్మబోయినది. అవి తోరా చుట్టల కఱ్ఱలకు తొడిగే పదునెనిమిదవ శతాబ్దపు ఆభరణాలు. న్యూయార్కువారు అడ్డగించినారు. వ్యాజ్యం నడచినది. 2017లో అప్పీలు న్యాయస్థానం న్యూయార్కువారి పక్షాన తీర్పు చెప్పినది. 2019లో అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పుమీద విచారణకు నిరాకరించినది. యూదులు ఒక్కరూ లేకపోతే ఏమి కావలెనన్నది డికెన్సు ముందుచూపుతో వ్రాయించినాడు. యూదులు రెండు సమాజాలుగా ఉంటే ఏమి కావలెనన్నది అతనికి గాని, చేవ్రాలు చేసిన కాంపనాల్, పచేకోలకు గాని తోచలేదు.